ఫల్గుణ మంచు వేట

మన రాష్ట్రంలో టెలిమార్క్ స్కీయింగ్‌కి నాలుగేళ్ళుగా ఛాంపియన్ ఎవరని అడిగితే, జవాబు చెప్పగలిగినవాళ్ళు ముగ్గురే ఉన్నారు. ఒకడు ఆ ఛాంపియనే. రెండో మనిషి ప్రతి ఏడూ అతని చేతిలో ఓడిపోయే మరదలు. మూడో మనిషి వాళ్ళిద్దరికీ పోటీ పెట్టి, తనే ఈల ఊది, తనే చప్పట్లు కొట్టే పీఈటీ మాస్టారు. ఇంకెవరికీ తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పూ కాదు. మంచు కురవని రాష్ట్రంలో మంచు మీద జారే ఆటకి ఛాంపియన్ ఉంటాడని బుద్ధున్నవాడెవడైనా అనుకుంటాడా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

కానీ ఉన్నాడు మరి, ఏం చేస్తాం. పేరు ఫల్గుణ. ఇరవై నాలుగేళ్ళు. ముంచింగిపుట్టు దాటాక జీపు ఇక నా వల్ల కాదని ఆగిపోయే చోటు ఒకటుంది. అక్కణ్ణుంచి గంట నడిస్తే వచ్చే సరియాపుట్టు అతనిది. కాఫీ పళ్ళు కోస్తాడు, చోళ్ళు పండిస్తాడు, ఇంటి పైకప్పు కారితే ఎక్కి సర్దుతాడు. ఆకాశం నుంచి మంచు పొడిపొడిగా రాలి, నేల మీద కుప్పపడడం మాత్రం జన్మలో చూడలేదు. తెల్లారి లోయ నిండా పట్టేసే పొగమంచు ఆ ఊళ్ళో మేకలక్కూడా పట్టదు. అది లెక్కలోకి రాదు.

దీనంతటికీ మూలం ఒక అట్టపెట్టె. ఐదేళ్ళ కిందట ఆశ్రమ పాఠశాలకి ఆటసామాను వచ్చింది. క్యారమ్ బోర్డులు, వాలీబాల్ నెట్లు, వాటి అడుగున ఎవరూ అడగని ఒక జత పొడవాటి పలకలు, ఒక జత బూట్లు. పీఈటీ పైడిరాజు మాస్టారిది విజయనగరం వైపు. ఆయనకి రిజిస్టరంటే దేవుడి పటం. పలకలు వాపసు పంపుదామంటే ఎవరు పంపారో తెలియదు. అటకెక్కిద్దామంటే స్టాకు రిజిస్టరులో ‘వాడుకలో ఉన్నది’ అని రాయాలి. అబద్ధం రాయడం ఆయన ఒంటికి పడదు. అందుకని నిజంగానే వాడేవాణ్ణి వెతకడం మొదలుపెట్టాడు. సరిగ్గా ఆ పూటే, ఎప్పుడో వదిలేసి పోయిన టీసీ కోసం ఫల్గుణ స్కూలుకొచ్చాడు.

"ఒరే ఫల్గుణా, మన మన్యంలో సలి ఎక్కువా కాదా?"

"ఎక్కువే సార్."

"మంచు మీద ఆట సలి సోట ఆడతారా, ఉక్క సోట ఆడతారా?"

"సలి సోటే సార్."

"అయితే ఈ ఆట మనదా కాదా? మరేటి సూస్తన్నావు, ఎక్కు!"

ఎక్కాడు. బూటు ముందు భాగం పలకకి బిగుసుకుంది గానీ మడమ మాత్రం గాల్లోకి లేచిపోతోంది. సగం బిగింపు సామాను దారిలో ఎవడో నొక్కేశాడని మాస్టారు మూడు పేజీల ఫిర్యాదు రాశాడు. అది పోస్టులో వేసే ముందు, సిగ్నల్ దొరికే బండ ఎక్కి ఫోన్లో వెతికితే అసలు సంగతి తేలింది. మడమ విడిగా ఉండడమే ఈ టెలిమార్క్ ఆట అట. మలుపు తిరగాలంటే ఒక కాలు ముందుకు జరిపి, వెనక కాలి మోకాలు పలకకి తగిలేదాకా వంచి, మడమ ఎత్తాలట. అలా వంగకుండా తిరిగినవాడికి ప్రతి మలుపుకీ ఒక సెకను జరిమానా అట.

ఫోన్లో ఆ బొమ్మ చూసి ఫల్గుణ పకపకా నవ్వాడు. "సార్, ఇది మా మామ్మ కాఫీ కోసినట్టే ఉంది!"

నిజంగా అలాగే ఉంది. ఆ నిట్టవాలు తోటల్లో కాఫీ పళ్ళు కోసేవాళ్ళు ఒక కాలు కిందికి తన్నిపెట్టి, పై కాలు మోకాలు వంచి, మడమ ఎత్తి నిలబడతారు. లేకపోతే బుట్టతో సహా దొర్లుకుంటూ పోయి కింద పారే గెడ్డలో తేలాల్సిందే. ఫల్గుణ మామ్మ చిన్నమ్మలు నలభై ఏళ్ళుగా అలాగే నిలబడుతోంది. ఆమె కొంగు పట్టుకుని తిరిగిన మనవడికి ఆ వంపు నడక కంటే ముందే వచ్చింది. ప్రపంచంలో కుర్రాళ్ళు కోచ్‌లని పెట్టుకుని ఏళ్ళకేళ్ళు నేర్చుకునేది ఈ గుంటడికి బుట్టెడు పళ్ళతో పాటు ఊరికే దొరికింది.

మోకాలుంది సరే, వాలేదీ? చిన్నమ్మలుకి ఊరి వెనక ఒక మెట్ట ఉంది. రాళ్ళు లేని నున్నటి వాలు, ఒకప్పటి పోడు. పక్కన సిల్వర్ ఓక్ చెట్లున్నాయి. వాటి ఎండాకులు బుట్టలకెత్తి వాలంతా పరిచి, తెల్లారి పొగమంచుకి అవి తడిశాక పలకలేసుకుని వదిలితే, ఓలమ్మా, పట్టుకునేవాడుండడు. మలుపుల కోసం ఎడమ, కుడి వెదురు గెడలు పాతాడు. రాష్ట్ర పోటీకి కనీసం ఇద్దరుండాలని మాస్టారు రూలు చెబితే మరదలు కనక రెండు వెదురు బద్దలు కాళ్ళకి కట్టుకుని దిగింది. ఆడవాళ్ళా మగవాళ్ళా అని ఫారంలో ఏ గడీ లేదు గనక మాస్టారు మనస్సాక్షి అడ్డురాలేదు. కనక నాలుగేళ్ళూ రెండో స్థానమే. "బావా, నాను లేకపోతే నువ్వు ఛాంపియనివి కాదు, ఆకులూడ్సేవాడివి" అని ఆమె మొహం మీదే అంటుంది. అందులో తప్పేమీ లేదు.

నవంబరు నుంచి మార్చి దాకా ఫల్గుణ బతుకు ఒకే తీరు. చీకటుండగానే లేవడం, ఆకులు పరవడం, పదిసార్లు జారడం, పదిసార్లు పలకలు భుజానేసుకుని పైకెక్కడం. తర్వాత చోడి అంబలి తాగి కాఫీ కోతకి పోవడం. కింద వలిసె పూల చేలల్లో ఫొటోలు దిగడానికి వచ్చే టూరిస్టులు ఒక్కోసారి తలెత్తి చూసి, పొగమంచులోంచి మోకాళ్ళ మీద వంగి వంగి దిగివస్తున్న మనిషిని ఏదో మొక్కుబడి తీర్చుకుంటున్న భక్తుడనుకుని దణ్ణం పెట్టేవాళ్ళు. పైనుంచి కిందికి అతనికి పట్టేది ఇరవై రెండు సెకన్లు. ఆ ఇరవై రెండు సెకన్లూ ఫల్గుణ ఎవరి మాటా వినక్కర్లేదు, ఎవరికీ బుట్ట నింపి ఇవ్వక్కర్లేదు. మిగతా రోజంతా వాటి కోసమే బతికేవాడు. ఆ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

జాతీయ పోటీలంటారా? ప్రతి ఏడూ ఉత్తరం వచ్చేది. ‘ఈ సంవత్సరం హిమాలయాలలో తగినంత మంచు కురవనందున పోటీలు రద్దు.’ మంచు కురిసే చోటే కురవకపోతే ఇక కురవని చోటివాణ్ణి ఏమనగలం!

ఈ ఏడు కోతల మొదట్లోనే చిన్నమ్మలు కుండబద్దలు కొట్టింది. సర్కారు ఆఫీసువాళ్ళు వానాకాలానికి కాఫీ మొక్కలిస్తామన్నారు. ఎండల్లోపు గోతులు తవ్వి ఉంచాలి. గోతులకి ఆ మెట్టే కావాలి.

"ఒక్క ఏడాది ఆగు మామ్మా."

"నాలుగేళ్ళ బట్టి ఆగతన్నాను. ఏటి మంచురా అది? నువ్వు సూసినావా? మీ మేష్టరు సూసినాడా? ఎవులూ సూడని దాని మీద ఎలా జారతావురా, గుంటడా? ఆ గెంతులు నాను ఒక్కనాడు తలెత్తి సూల్లేదు, సూడను కూడా."

"ఉంది మామ్మా. నిజంగా ఉంది."

"ఉంటే తే. వచ్చే సైత్రంలో ఇటుకల పండగ నాటికి తెచ్చి నా సేతిలో ఎట్టు. ఎడితే ఆ మెట్ట నీది, సచ్చేదాకా జారుకో. ఎట్టలేదా, గోతులే!"

ఊరి పెద్దల ముందు అన్న మాట. చిన్నమ్మలు మాటంటే రాతి మీద గీతే. ఫల్గుణ లెక్క వేసుకున్నాడు. మెట్ట పోతే పలకలెందుకు? పలకలు పోతే రోజుకి ఇరవై రెండు సెకన్లు పోయినట్టే. అతనికి ఏడుపొచ్చింది, కానీ ఛాంపియన్ గనక కాఫీ పొదల చాటుకి పోయి ఏడ్చాడు.

జనవరిలో జరగాల్సిన జాతీయ పోటీ మంచు లేక ఫిబ్రవరికి పోయింది. ఫిబ్రవరి నుంచి మార్చికి పోయింది. ప్రతి వాయిదాకీ ఫల్గుణ ఒక కిలో తగ్గాడు. చివరికి మార్చి నెలాఖరున, రద్దు చేయడానికి మొహం చెల్లక కాబోలు, రమ్మని ఉత్తరం వచ్చింది. ఫల్గుణ పలకలని గోనెసంచిలో చుట్టాడు. కనక తన పెద్ద స్టీలు ఫ్లాస్కు తెచ్చిచ్చింది. "దీన్నిండా తే బావా. ఇందులో టీ పోత్తే మర్నాటిదాకా వేడే" అంది. వేడి నిలిస్తే చలి కూడా నిలుస్తుందని ఆమె లెక్క.

మేనేజరుగా పైడిరాజు మాస్టారు రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు తగిలించుకుని విశాఖపట్నంలో రైలెక్కాడు. నాగపూరు దాటేసరికి చెమటకి తడిసి ముద్దయ్యాడు. అయినా విప్పలేదు. మేనేజరు తగిన దుస్తుల్లో ఉండాలని ఉత్తరంలో రాశారట.

మూడు రోజులు రైళ్ళు, ఒక రోజు బస్సు. దిగి చూస్తే కొండంతా గడ్డి! బోడి కొండ మీద ఎండుగడ్డి, బురద, రంగు జెండాలు. ఫల్గుణకి ఒక్క క్షణం సరియాపుట్టుకే తిరిగొచ్చేశామేమోననిపించింది. మంచు నిన్నటిదాకా ఒక పట్టీలా ఉండేదట, రాత్రి వానకి అదీ కరిగిపోయిందట. ముఖ్య అతిథి బయల్దేరిపోయాడు, భోజనాలు వండేశారు, ఇక వాయిదా కుదరదు. నిర్వాహకులు ముగ్గురు కూర్చుని, పోటీ గడ్డి మీదే జరుగుతుందని తీర్మానించారు. అరుస్తున్న మంచు రాష్ట్రాల కుర్రాళ్ళకి, స్కీయింగ్ రూల్సులో మంచు ఉండాలని ఎక్కడ రాసుందో చూపించమన్నారు. చూపించలేకపోయారు పాపం. అంత తెలిసిన విషయం ఎవడు రాసుకుంటాడు?

ఫల్గుణ మాత్రం మంచు కోసం కొండంతా కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి వంటపాక వెనక దొరికింది. టార్పాలిన్ కింద, పడుకున్న గేదెంత కుప్ప! పైకొండల నుంచి ట్రాక్టర్లో తెప్పించారు, ముఖ్య అతిథి నిలబడి ఫొటో దిగడానికి. దానికొక కాపలావాడు, చేతిలో కర్ర. మాస్టారు రైల్వే పరీక్షకి నేర్చుకున్న హిందీ అంతా కుమ్మరించి ఒక్క ఫ్లాస్కెడు ఇమ్మని బతిమాలాడు. ముఖ్య అతిథి తొక్కే దాకా ఎవరూ ముట్టడానికి లేదన్నాడు కాపలావాడు. ప్రసాదానికైనా అంత కట్టడి ఉండదు.

సరే, ముందు పోటీ కానిద్దామనుకున్నారు. సగం మంది తమ ఖరీదైన పలకలు గీసుకుపోతాయని దిగనే లేదు. పదకొండు మంది దిగారు. మొదటివాడు గడ్డిలో గుచ్చుకుని ముందుకి పల్టీ కొట్టాడు. రెండోవాడు కదల్లేదు, వెనక నుంచి తోస్తే కూడా కదల్లేదు. ఇలా పది మందీ పల్టీలో, పాతుకుపోవడమో ఏదో ఒకటయ్యాక ఫల్గుణ వంతొచ్చింది. అతను కొండనొకసారి చూశాడు. పక్కన పైన్ చెట్లు, వాటి కింద మోకాల్లోతు ఎండాకులు. "సార్, ఆకులు!" అన్నాడు. అంతే, మాస్టారు దుప్పటి పరిచి మోయడం మొదలుపెట్టాడు. మంకీ క్యాపుతో అటూ ఇటూ పరిగెత్తుతూ గంటలో దారంతా పరిచేశాడు. ఆకులు వాడకూడదని రూల్సులో ఎక్కడుందో చూపించమని ఆయనే అడిగాడు. ఈసారి నిర్వాహకులు చూపించలేకపోయారు.

ఫల్గుణ దిగాడు. ఒక్కో గెడ దగ్గర ఒక్కో కాఫీ పొద ఉన్నట్టు మోకాలు వంచాడు, మడమ ఎత్తాడు, తిరిగాడు. ఒక్క సెకను జరిమానా పడలేదు. దేశానికి ఛాంపియన్ అయిపోయాడు. మాస్టారు స్వెట్టర్ విప్పి గాల్లో తిప్పాడు, కింద ఇంకో స్వెట్టర్ ఉంది గనక మర్యాద నిలిచింది.

పతకం మెళ్ళో వేస్తుంటే కూడా ఫల్గుణ చూపు వంటపాక వైపే. ముఖ్య అతిథి కుప్ప మీద నిలబడి ఫొటో దిగి, కారెక్కి వెళ్ళిపోయాడు. కాపలావాడు కర్ర పక్కన పడేశాడు. ఫల్గుణ వెళ్ళి కుప్ప ముందు కూర్చుని చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది, మురికిగా ఉంది, పిడికిలి పడితే కరకరలాడింది. ఐదేళ్ళ నుంచి దీని కోసమా అనుకుంటే నవ్వొచ్చింది. పలకలు తగిలించుకుని కుప్ప మీదికెక్కి నిలబడ్డాడు. పలకలు అటు మూర, ఇటు మూర గాల్లో తేలాయి. దేశపు ఛాంపియన్ మంచు మీద స్కీయింగ్ చేసింది ఆ కాస్తే, అదీ ఉన్నచోటే నిలబడి. తర్వాత ఫ్లాస్కు నిండా కూరి, మూత బిగించి, బస్సెక్కాడు.

మొదటి రోజు ఫ్లాస్కు ఊపితే చప్పుడు లేదు. రెండో రోజు ఏదో కదిలింది. మూడో రోజు బుడుంగుమంది. ఫల్గుణ మొహం చూడలేక, జన్మలో రిజిస్టరులో అబద్ధం రాయని పైడిరాజు మాస్టారు విశాఖపట్నం స్టేషన్లో గొంతు తగ్గించి అన్నాడు. "ఒరే, కూల్‌డ్రింకు షాపులో ఐసు కొట్టించి నింపీద్దుం. ముసిల్దానికేటి తెలుస్తాది?"

ఫల్గుణ తల అడ్డంగా ఊపాడు. "మా ఊర్లో గాసి అని ఉన్నాడు సార్. కుర్రతనంలో ఇటుకల పండక్కి సంతలో కోడిని కొనీసి, అడివికోడిని కొట్టినానని తెచ్చినాడు. ఇప్పుడు ఆడికి మనవలున్నారు. ఈరోజుక్కూడా ఆడి పేరు సంతకోడి గాసే."

మాస్టారు ఐసు మాట వదిలేసి పలకల సంచికి ఒక చెయ్యేశాడు.

ఇటుకల పండగ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చైత్రంలో మగవాళ్ళు విల్లంబులతో అడవికి పోతారు. ఈ రోజుల్లో వేట పేరుకే గానీ ఆనవాయితీ మాత్రం గట్టిది. తెచ్చినవాడి వేట ఇంటింటికీ వాటాలు పడుతుంది. వట్టి చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరించి, మళ్ళీ వేటకి తరుముతారు. ఫల్గుణ ఊరి పొలిమేరకొచ్చేసరికి దారికడ్డంగా వెదురు బొంగు కట్టి ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. ముందు కనక, చేతిలో కుండ. వెనక బండ మీద చిన్నమ్మలు.

"ఏటి తెచ్చినావు బావా?" అంది కనక.

పతకం తీసి చూపించాడు. చేతులు మారింది. ఒకామె కొరికి చూసింది. "కూరొండుతారేటి దీన్ని?" అంది. "ఇంటికో ముక్క వస్తాదేటి?" అంది ఇంకొకామె. రాదు మరి.

అప్పుడు ఫల్గుణ ఫ్లాస్కు మూత తీసి మామ్మ దోసిట్లో వంచాడు. నీళ్ళు. కాసిని మట్టినీళ్ళు, ఒక పైన్ ఆకు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడు నయం, ఎలుకైనా దొరికింది.

చిన్నమ్మలు వాసన చూసింది. నాలిక్కొసకి రాసుకుంది. "ఇది మాంసం కాదు, తోలూ కాదు" అంది చివరికి. "పారిపోయిన జంతువు అడుగుజాడ ఇది. జాడ సూపించినోడికి వాటా ఉండదు. ఇంక కానీయ్ కనకా!"

కనక కుండ ఎత్తి నెత్తి మీద బోర్లించింది. దేశపు ఛాంపియన్ మెళ్ళో పతకంతో, కనుబొమల మీంచి కారే పేడనీళ్ళతో నిలబడ్డాడు. ఆడవాళ్ళ నవ్వులకి కొండలు మారుమోగాయి. అతనికి దానికి బాధ లేదు. మెట్ట పోయిందే, దానికి బాధ. ఎవరికీ మొహం చూపించకుండా, పలకల సంచి మోసుకుంటూ నేరుగా అక్కడికే నడిచాడు. కడసారి చూసుకుందామని.

చూడబోతే వాలు నిండా గోతులు! తాజావి కూడా కాదు, అంచుల మట్టి ఆరిపోయి ఉంది. ఒళ్ళు మండిపోయింది. వెనకే వచ్చిన మామ్మ మీద అరిచాడు. "పండగ దాకా ఆగలేకపోనావా మామ్మా? నాను రాకముందే తవ్వీసినావా?"

"నువ్వు రైలెక్కిన మర్నాడే తవ్వీసినాను" అంది చిన్నమ్మలు తాపీగా. "అయితేటి? కోపమొస్తే పైకెక్కి కూసోని ఏడు. ఇక్కడెందుకు?"

ఎక్కాడు. పైనుంచి తిరిగి చూశాడు. గోతులు వరసగా లేవు. ఎడమ వెదురు గెడ చుట్టూ ఒక గుంపు, కుడి గెడ చుట్టూ ఒక గుంపు. నడుమ అతను తిరిగే దారి, ప్రతి మలుపూ, పలకల వెడల్పుతో సహా అలాగే వదిలేసి ఉంది. దాని మీద సిల్వర్ ఓక్ ఆకులు కూడా పరిచి ఉన్నాయి.

కింద నుంచి చిన్నమ్మలు కేకేసింది. "ఏటి సూస్తన్నావు? వట్టి సేతులతో వచ్చినోడు మళ్ళీ వేటకెల్లాలని తెలీదేటి? బేగి దిగు! రేపు వానలకి మొక్కలెట్టాక ఒక్కదానికి తగిలినావో, కాళ్ళిరగ్గొడతాను!"

ఫల్గుణ ఏడుస్తూనే బూట్లు బిగించాడు. పేడనీళ్ళు కారుతుండగానే దిగాడు. ఎడమ గెడ, కుడి గెడ, మోకాలు, మడమ. కింద కనక నవ్వుతోంది. ఆమె పక్కన, ఏనాడూ తలెత్తి చూడలేదన్న ముసలామె వేళ్ళు మడుస్తూ పైకే లెక్కపెడుతోంది. అతను వచ్చి కాళ్ళ దగ్గర ఆగేసరికి ఆఖరి వేలు మడిచి మొహం చిట్లించింది.

"ఇరవై మూడు" అంది. "అంత దూరం ఎల్లి ఒక సెకను పాడుసేసుకొచ్చినావు కదరా."